దిగిన భుజం

చదువులో వెనకబడ్డ పిల్లలను పరీక్షించడంలో యాకూబ్‌ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట ఊరి కంటే ముందు యాకూబే చెప్పేవాడు. పట్నంలో ఆ విద్య నేర్చుకొచ్చి, తన గురువు రహమాన్ బాబా నడిపే బడిలోనే పనికి చేరాడు. ఎవరినైనా గంటసేపు ఎదురుగా కూర్చోబెడితే చాలు, చిక్కు ఎక్కడుందో పట్టేసేవాడు. నిజంగానే పట్టేసేవాడు, ఆ గర్వం ఉత్తదేం కాదు.

ఆ రోజు దర్జీ ఓబులేసు తన కూతురు రవణి సంగతి తెలుసుకుందామని వచ్చాడు. యాకూబ్ నాలుగు పేజీల రిపోర్టు తీసి ఠీవిగా చదివాడు. చదవడంలో రెండేళ్లు వెనక. అక్షరాన్ని శబ్దంతో జత చేయడంలో లోపం. రాతలో లోపం. ఒక్కో లోపానికీ ఒక్కో అంకె.

ఓబులేసు మొహం వాడిపోయింది.

"అంటే మా పాపకు చదువు రాదనే గదయ్యా. రేపట్నుంచి బడి మానిపించి మిషన్ కాడ కూచోబెడతా. పిల్లను నలుగుర్లో నవ్వులపాలు చేయడం ఎందుకు?" అని లేచాడు.

"నేనలా అనలేదే. మళ్లీ చదువుతా, సరిగ్గా విను," అన్నాడు యాకూబ్ చిరాగ్గా.

చాప మీద కూర్చుని అంతా వింటున్న బాబా దర్జీని ఆపాడు. "ఓబులేసూ, మా యాకూబ్‌కో చొక్కా కుట్టాల. కొలతలు తీసుకుని పో."

ఓబులేసు మెడలోని టేపు తీశాడు. ఛాతీ కొలిచాడు, చేయి కొలిచాడు. భుజాల దగ్గర కాస్త ఆగి, మళ్లీ కొలిచి, చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

"ఏం కనిపించింది?" అన్నాడు బాబా.

దర్జీ నసిగాడు. "ఏముంది బాబా. ఎడమ భుజం రవంత దిగింది. కత్తిరించేటప్పుడు ఆ పక్క కొంచెం దించుతా. చొక్కా సరిగ్గా కూచుంటాది."

యాకూబ్ చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది. ముప్పై ఏళ్లుగా తనదే అయినా ఎన్నడూ గమనించని భుజం. సిగ్గేసింది, కానీ బాధేమీ కలగలేదు.

"ఇప్పుడు పాప సంగతి చెప్పు," అన్నాడు బాబా.

యాకూబ్ ఈసారి కుర్చీ వైపు పోకుండా, ఓబులేసును చాప మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాడు. "అన్నా, నేనొక కథ చెప్తే రవణి ఒక్క మాట పోకుండా తిరిగి చెప్పింది. తెలివికి లోటు లేదు. అక్షరం చూసి పలకడమే కష్టంగా ఉంది. రోజూ అరగంట పక్కన కూర్చుని నేను నేర్పిస్తా. పరీక్షల్లో ప్రశ్నలు చదివి వినిపించమని పంతుళ్లతో మాట్లాడతా."

"కథంతా చెప్పిందా?"

"అంతా."

ఓబులేసు ఛాతీ ఉప్పొంగింది. "మా యమ్మ పోలిక. ఆ ముక్క కాగితంలో యాడుందో చూపించయ్యా. ఇంట్లో నా పెండ్లానికి ఎవరిచేతనైనా చదివించి వినిపించాల."

యాకూబ్ నాలుగు పేజీలూ తిప్పాడు. ఎక్కడా లేదు.

పెన్ను తీసి, మొదటి పేజీలో అన్నిటికంటే పైన రాయడం మొదలుపెట్టాడు.