సున్నా ఖరీదు ఎద్దు

అడవి అంచున, రాళ్లవాగుకు ఇవతల, ఎలుగుబంటి కొండయ్యకు ఒక గానుగ ఉండేది. చుట్టుపక్కల జంతువులన్నీ నువ్వులు తెచ్చి అక్కడే ఆడించుకునేవి. కూలి కూడా నువ్వులే, కుంచాల లెక్కన. గానుగ తిప్పేది పుల్లన్న అనే ఎద్దు. పద్దులు రాసేది కామేశం అనే నక్క. ఇక కొండయ్య పనల్లా అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లను పలకరించడం, మధ్యాహ్నం కాగానే ఇంత నూనె తీసి వీపుకు మర్దించుకోవడం.

గానుగెద్దు కాబట్టి పుల్లన్న కళ్లకు గంతలు కట్టారు. చెవులకు ఎవరూ కట్టలేదు. గుమాస్తా నక్కకేమో పద్దు రాస్తూ పైకి చదవడం, చదివిందాన్ని పదిమందికీ విడమరిచి చెప్పడం మహా సరదా. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. ఆ విధంగా తొమ్మిదేళ్లు గుండ్రంగా తిరుగుతూనే పుల్లన్న పద్దులన్నీ వంటపట్టించుకున్నాడు.

ఒకనాడు మేక రత్తమ్మ వచ్చే నెల నూనెకని ఐదు కుంచాల కూలి ముందే కొలిచి వెళ్లింది.

"రాబడి బాగుంది. ఇవాళ విందు చేసుకుందాం" అన్నాడు కొండయ్య.

"అది రాబడి కాదు కామందుగారూ, బాకీ" అన్నాడు నక్క. "పని చెయ్యకుండా పుచ్చుకున్నాం. ఆవిడకు నూనె పోసిన రోజున రాబడి అవుతుంది."

"పోనీ, నా వీపుకు రాసుకున్న నూనె గానుగ ఖర్చులో రాశావా?"

"గానుగ వేరు, తమరు వేరు. అది తమ సొంత వాడకం. తమ పేరనే రాశాను."

"నా గానుగ, నా నూనె, నా వీపు. మధ్యలో మాకు ఈ వేరుకాపురం ఏమిటయ్యా?" అని కొండయ్య నవ్వేశాడు. చదువు రాదు గాని పుస్తకమంటే అతనికి మహా గురి. నక్క పుస్తకం తెరిచి దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

ఏడాది చివర లెక్క కట్టే రోజున నక్క గొంతు సవరించుకున్నాడు.

"పుల్లన్నను కొన్నది తొంభై కుంచాలకు. తొమ్మిదేళ్లు పనికొస్తాడనుకున్నాం. ఏటా పది కుంచాలు తరుగు రాస్తూ వచ్చాను. ఈ ఏటితో సరి. ఇప్పుడు పుస్తకంలో పుల్లన్న ఖరీదు సున్నా."

"సున్నా అంటే?"

"సున్నా అంటే సున్నాయే. సున్నాకు గడ్డి వెయ్యడం దండగ. తమరేం దిగులు పడకండి, తోలుకుపోయే శ్రమేదో నేనే పడతాను. సోమవారం తాడుతో వస్తాను. పైసా అడగను."

కొండయ్య గోళ్లు చూసుకుంటూ, "నిన్న కూడా బాగానే తిరిగాడు మరి" అని గొణిగాడు. నక్క పుస్తకం తిప్పి ఆ గుండ్రటి గుర్తు చూపించాడు. "సరే, పుస్తకమే అంటుంటే నేనెవణ్ణి?" అన్నాడు కొండయ్య.

పుల్లన్న కాళ్లు తిరుగుతూనే ఉన్నాయి గాని గుండె మాత్రం ఆగినంత పనైంది. తొమ్మిదేళ్ల చాకిరీ ఒక్క సున్నాలో పడిపోయిందే అని కళ్లు చెమర్చాయి. గంతలు ఉండటం మేలైంది, ఎవరూ చూడలేదు.

సాయంత్రం రత్తమ్మ అతని పక్కన చేరి అసలు గుట్టు చెప్పింది. "వాగవతల గుమాస్తా కొత్త గానుగ దింపాడు పుల్లన్నా. అప్పు చేసి మరీ దింపాడు. ఎద్దొకటే తక్కువ. గడ్డివామేదీ అని అడిగితే, 'ఉత్తినే వచ్చిన ఎద్దుకు మేపు కూడానా, తిరిగినన్నాళ్లు తిరుగుతుంది' అన్నాడు."

"ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు" అన్నాడు పుల్లన్న. "అక్కడికి వెళితే వచ్చే వానలు చూడను."

"ఇప్పుడే వెళ్లి కామందుతో చెప్పు."

"చెబితే నక్క మళ్లీ పుస్తకం తెరుస్తాడు. కామందుకు నా మాట కంటే ఆ సున్నా గట్టిది. దాని సంగతి గుమాస్తా నోటితోనే చెప్పించాలి రత్తమ్మా."

"వాడెందుకు చెబుతాడు? వెర్రా?"

"తొమ్మిదేళ్లుగా వాడి గొంతు వింటున్నాను. ఆకలైనా ఓర్చుకుంటాడు గాని, ఎదుటివాడు తప్పు లెక్క చెబితే ఓర్చుకోలేడు. సోమవారం నేనొక తప్పు చెబుతాను. చాలకపోతే నువ్వింకొకటి చెప్పు."

సోమవారం పొద్దున్నే నువ్వుల బుట్టలతో జంతువులు వరస కట్టాయి. నక్క తాడు పుచ్చుకుని వచ్చాడు. పుల్లన్న తల వంచి వినయంగా అన్నాడు:

"గుమాస్తాగారూ, తమరి పక్కన తిరిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. పోయేముందు ఒక్క లెక్క అడగనా?"

నక్క చుట్టూ చూశాడు. వినేవాళ్లు పదిమంది ఉన్నారు. "అడుగు" అన్నాడు.

"ఒక కుమ్మరి ముప్ఫై కుంచాలు పెట్టి చక్రం కొన్నాడు. ఏడాదికి పది చొప్పున మూడేళ్లు తరుగు రాశాడు. పుస్తకంలో సున్నాకొచ్చింది. నాలుగో ఏడు పొరుగూరి కుమ్మరి పన్నెండు కుంచాలిచ్చి దాన్ని పట్టుకుపోయాడు. లాభమా, నష్టమా?"

"నువ్వేమంటావు?"

"నష్టమేనండి. ముప్ఫైకి కొని పన్నెండుకు అమ్మాడు. పద్దెనిమిది కుంచాల నష్టం."

నక్క చెవి అదిరింది. "తప్పు. ఆ ముప్ఫై మూడేళ్ల ఖర్చులో ఎప్పుడో రాసేశారు. మళ్లీ ఎలా రాస్తావు?" అని తాడు బిగించబోయాడు.

రత్తమ్మ గడ్డం ఊపుతూ ముందుకొచ్చింది. "నేను చెబుతాను. లాభమూ లేదు, నష్టమూ లేదు. సున్నా వస్తువుకు పన్నెండెలా పుచ్చుకుంటాడు? తప్పయిందని ఆ పన్నెండూ తిరిగి ఇచ్చెయ్యాలి."

వరసలో ఉన్నవాళ్లు కూడా అవునవునన్నారు. అంతమంది ఒక్కసారి తప్పు చెబుతుంటే నక్కకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. తాడు కింద పారేసి అరుగెక్కాడు.

"మట్టిబుర్రల్లారా! పన్నెండుకు పన్నెండూ లాభమే."

"ఖరీదు సున్నా కదండీ?" అన్నాడు పుల్లన్న.

"పుస్తకంలో సున్నా. కొన్నప్పటి ఖర్చును ఏళ్ల మీద పంచడం పూర్తయిందని దానర్థం. అంతే. అది వస్తువు విలువ కాదు. చక్రం తిరుగుతోందా లేదా, సంతలో ఎంత పలుకుతుంది, ఇవి పుస్తకానికేం తెలుసు? పుస్తకంలో సున్నా ఉందని బంగారం లాంటి చక్రాన్ని ఉత్తినే ఇచ్చేసేవాణ్ణి మించిన గాడిద లోకంలో ఉండదు."

"మధ్యలో మమ్మల్నెందుకు లాగుతారు?" అంది వరసలోని గాడిద.

ఎవరూ నవ్వలేదు. అందరూ కొండయ్య వైపు చూస్తున్నారు. కొండయ్య మెల్లగా లేచాడు.

"కామేశం, ఆ చివరి మాట మళ్లీ చెప్పు."

నక్కకు అప్పుడు గాని తాడు ఎక్కడ పారేశాడో గుర్తు రాలేదు. "అది... కుమ్మరి చక్రం సంగతండి. ఎద్దు లెక్క వేరు."

"ఎద్దు తిరగడం లేదా?"

"తిరుగుతున్నాడనుకోండి..."

"సంతలో ఈ వయసు ఎద్దు యాభై కుంచాలు పలుకుతోంది" అంది రత్తమ్మ. "వాగవతల కొత్త గానుగ పెట్టినవాళ్లయితే ఇంకో పది ఎక్కువే ఇస్తారు. అడగండి, ఆ గానుగ ఎవరిదో గుమాస్తాగారికే బాగా తెలుసు."

కొండయ్యకు అంతా అర్థమైంది. నక్క మీద కోపం కంటే తన మీద సిగ్గే ఎక్కువ వేసింది. పుల్లన్న కళ్లగంతలు తనే విప్పాడు. "తొమ్మిదేళ్లు నా వాకిట్లో తిరిగినవాణ్ణి, సున్నా అంటే నమ్మాను. తప్పు నాదేరా" అన్నాడు. ఆ పూట పుల్లన్న ముందు బుట్టెడు తెలగపిండి పెట్టించి, ఆ ఖర్చు తన సొంత పద్దులో రాయించాడు కొండయ్య. పుల్లన్న చెబుతుంటే రాసింది రత్తమ్మ. ఎందుకంటే గుమాస్తా అప్పటికే వాగు దాటేశాడు.

వాగవతల గానుగ ఉంది, అప్పు ఉంది, ఎద్దు లేదు. సంతలో కొందామంటే యాభై కుంచాలు లేవు. వారం చూసి, చేసేది లేక నక్క తనే మెడకు కాడి కట్టుకున్నాడు. పూటకు నాలుగు చుట్లు తిరగడం, పదిసార్లు పడటం. అటుగా వెళుతున్న రత్తమ్మ ఆగి పలకరించింది.

"బాగున్నారా గుమాస్తాగారూ? తరుగు ఎంత రాస్తున్నారు?"

లెక్క అడిగితే నక్క నోరు ఊరుకోదు. "గానుగకు ఏడాదికి నాలుగు కుంచాలు" అన్నాడు ఒగరుస్తూ.

"మరి తమకో?"

"నాకా? నాకు పూటపూటకూ రాయాలి."

పద్దులో ఖరీదు తరిగినంత మాత్రాన పనివాడి విలువ తరగదు.