వేదగిరి పడని రోజు

తిరువేంగడం మాస్టారికి ఒక అలవాటు. మద్రాసు వడపళనిలో అద్దె మేడ మీద ఇన్నేళ్లుగా నటన నేర్పుతున్నారా, ఎవరేమి అడిగినా సూటిగా జవాబు చెప్పి ఎరుగరు. "కూర్చో నాయనా" అని ఎక్కడో జరిగిన సంగతి ఎత్తుకుంటారు. ఇక మనం నోరు తెరుచుకుని వినాల్సిందే.

ఒకనాడు దామోదరం అనే శిష్యుడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. సినిమాల్లో హీరో పక్కన హాస్యగాడి వేషాలు వేస్తుంటాడు. "చెంపదెబ్బలు తిని బతికేవాడికి పౌరుషం ఏమిటి మాస్టారూ? మానేసి ఊరెళ్లిపోతాను," అన్నాడు.

మాస్టారు వేదగిరి సంగతి మొదలుపెట్టారు.

వేదగిరి తమిళ సినిమాల్లో పద్దెనిమిదేళ్లు దెబ్బలు తిన్న మనిషి. హీరోగారి స్నేహితుడు, వంటవాడు, పిరికి కానిస్టేబులు, వేషం ఏదైనా చివరికి చెంప పగలాల్సిందే. పోస్టరులో హీరో భుజం వెనక ఆయన చెవి ఒక్కటి కనిపిస్తే అదే పెద్ద గౌరవం. అయితే ఆ దెబ్బలో ఒక కిటుకుంది చూడండి. హీరో చెయ్యి చెంపకు జానెడు దూరంలో గాలిలోనే పోతుంది. సరిగ్గా ఆ క్షణానికి మెడ తిప్పి, బొంగరంలా తిరిగి దబ్బున పడేది వేదగిరి. చప్పుడు తర్వాత కలుపుతారు. జనం మాత్రం "ఏం కొట్టాడ్రా!" అని హీరోకి ఈలలు వేస్తారు. వేదగిరికి దానిమీద ఏ బాధా లేదు. పడటం తన విద్య, అంతే.

ఒక సినిమాకి కొత్త హీరో వచ్చాడు. షూటింగుకి రెండు వ్యాన్ల నిండా అభిమానుల్ని వెంటేసుకొచ్చాడు. వాళ్ల ముందు ప్రతాపం చూపాలని నిజంగానే లాగి కొట్టాడు. వేదగిరి పెదవి చిట్లింది. అభిమానులు ఒకటే చప్పట్లు.

"తంబీ, చెయ్యి దూరంగా పోనియ్యి. పడటం నా పని, నేను చూసుకుంటా," అన్నాడు వేదగిరి మర్యాదగానే.

హీరో పకపకా నవ్వాడు. "నేను కొడితేనే కదన్నా నువ్వు పడేది!"

వేదగిరికి ఒళ్లు భగ్గుమంది. ఎదురు తిరిగితే ఈ వేషం పోతుంది, ఈ హీరో ఒక్క మాటంటే మిగతా కంపెనీల తలుపులూ మూసుకుంటాయి. అదంతా ఆయనకి తెలుసు. నెత్తురు తుడుచుకుని, "సరే తంబీ, కొట్టు," అన్నాడు.

కొట్టాడు. వేదగిరి పడలేదు. మళ్లీ టేకు, మళ్లీ దెబ్బ. పాతేసిన రాయిలా నిలబడ్డాడు. అబ్బో, ఏడు టేకులు! హీరో అరచెయ్యి కందిపోయింది, విగ్గు పక్కకి జరిగింది. అభిమానుల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకేం, అందరూ అందుకున్నారు.

డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, మీకు దణ్ణం పెడతా, పడండి!"

"నన్నెందుకు బతిమాలతారు? ఆయన్నే పడెయ్యమనండి," అన్నాడు వేదగిరి.

సాయంత్రానికి వేషం పోయింది. మేకప్పు కడుక్కుని, వాచిన చెంపతో, తల ఎత్తుకునే గేటు దాటాడు. చిట్లిన పెదవికి ఈల పలకలేదు గాని, దారి పొడుగునా వెయ్యడం మాత్రం మానలేదట.

మాస్టారు అక్కడితో ఆపేసరికి దామోదరం ఉండబట్టలేకపోయాడు. "అదేమిటి మాస్టారూ! వేషం పోగొట్టుకుని ఆయన గెలిచిందేమిటి?"

మాస్టారు లేచి కండువా దులుపుకున్నారు.

"గెలిచాడని నేనన్నానా? ఆ హీరో మాత్రం ఈనాటికీ ఎవర్ని కొట్టబోయినా, ముందు పక్కకి పిలిచి, 'అన్నా, పడతారు కదా?' అని అడుగుతాడట."