రాజుగారి చామంతి మొక్క

అనగనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, జయకేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాళ్ళిద్దరూ కొడుకులు, గుర్రాల్లా పరుగెత్తేవాళ్ళు. మూడోది కూతురు, కువలయ. పదిహేనో ఏట విషజ్వరం వచ్చి ఆమెకు ఒక కాలు చచ్చుబడింది. ఓబులమ్మ అనే ముసలి వైద్యురాలు మూడేళ్ళు నూనె మర్దనా చేసి, రోజూ కోటమెట్లు ఎక్కించింది.

"ఒక మెట్టు, ఒక ఊపిరి. తొందరపడితే పడతావు తల్లీ" అనేది.

చివరికి ఒకరోజు కువలయ కర్ర పారేసి నడిచింది. కాస్త కుంటుతుంది, అంతే. కానీ రాజుగారున్నారే, కూతురు గడప దాటితే చాలు, వెనకాలే పల్లకీ పంపేవారు. ఆయన కళ్ళకు ఆ పిల్ల ఇంకా మంచం మీదే ఉంది.

ఆ రాజ్యంలో ఒక ఆచారం. దూరప్రయాణం పెట్టుకున్నవాళ్ళు పెరట్లో ఒక చామంతి మొక్క నాటి వెళ్ళాలి. మొక్క పచ్చగా ఉంటే మనిషి క్షేమం. మొక్క వాడితే మనిషికి ఆపద. ఇది బాగా గుర్తుపెట్టుకోండి పిల్లలూ, ముందు ముందు పనికొస్తుంది.

పెద్దకొడుకు ఏడు సముద్రాల అవతలికి వేటకు వెళ్ళాడు. వాడి మొక్క రాయైపోయింది. అన్నను వెతకడానికి రెండోవాడు వెళ్ళాడు. వాడి మొక్కా రాయైపోయింది.

కోటగోడ మీద ఒక మాటలాడే కాకి ఉండేది. "ఇది కరాళుడనే మాంత్రికుడి పని రాజా! వాడి బురుజుకు వెయ్యి మెట్లు. వాడి ప్రాణం పైనున్న చిలకలో ఉంది. ఎక్కబోయినవాళ్ళంతా శిలలయ్యారు" అంది.

"నేను వెళ్తాను నాన్నగారూ" అంది కువలయ.

"నువ్వా! అంతటి వాళ్ళే తిరిగి రాలేదు. నీ కాలు చూస్తే..."

"కాలు నయమైంది నాన్నగారూ. మీ భయమే ఇంకా నయం కాలేదు."

ఆమె మూడో మొక్క నాటి, పల్లకీని వెనక్కి పంపేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇక ఆ క్షణం నుంచి రాజుకు తిండి లేదు, కునుకు లేదు, మొక్క ముందే కాపురం. ఆకు కాస్త ఊగితే "అయ్యో, నా తల్లికి దాహమేమో" అని చెంబెడు నీళ్ళు పోసేవాడు.

కాకి మొదటి కబురు తెచ్చింది. "అమ్మాయి తాబేలు వీపెక్కి సముద్రాలన్నీ దాటింది. 'అందరూ తొందరని తన్నేవాళ్ళు, నువ్వు తన్నవేం?' అని తాబేలు అడిగింది. 'నాదీ నీ నడకే తాతా' అంది అమ్మాయి. దాంతో అది మురిసిపోయి రహస్యం చెప్పేసింది: ఆ మెట్ల మీద పరుగెత్తితేనే శిలవుతారట!"

రాజు ఇంకో చెంబు పోశాడు.

కాకి రెండో కబురు తెచ్చింది. "మొదటి మెట్టెక్కింది."

"జారిందా? కాలు నొప్పెట్టిందా?"

"మీ ప్రశ్నలకు జవాబు చెబుతూ కూర్చుంటే అక్కడ చూసేదెవరు?" అని కాకి ఎగిరిపోయింది. మళ్ళీ మూడు రోజులు దాని జాడ లేదు. రాజు పోసిన చెంబులకు లెక్క లేదు.

నాలుగో రోజు పొద్దున మొక్క తల వాల్చేసింది.

"అయిపోయింది! నా బిడ్డకు ఆపద వచ్చింది! ఓడలు సిద్ధం చేయండి, సేనను పిలవండి!" అని రాజు గావుకేక పెట్టాడు.

ఆ కేకకు ఓబులమ్మ వచ్చింది. మొక్క మొదట్లో వేలు గుచ్చి చూసింది. వేలు బురదలో మునిగింది.

"ఎన్ని చెంబులు పోశారు రాజా?"

"భయమేసినప్పుడల్లా ఒకటి."

"బాగుంది! వేరు కుళ్ళిపోతోంది. ఆమె ఆపదలో ఉందో లేదో నాకు తెలీదు గానీ, మొక్కకు మాత్రం ఆపద మీరే."

"ఒకవేళ నిజంగానే..."

"అయితే మీ సేన ఆ మెట్ల మీద నడుస్తుందా, పరుగెడుతుందా?"

రాజుకు తాబేలు మాట గుర్తొచ్చింది. కూర్చుండిపోయాడు. "మరి నేనేం చేయను?"

"ఏమీ చేయకండి. అన్నిటికంటే కష్టమైన పని అదే."

మొదటి రోజు రెండాకులు పండి రాలాయి. రాజు చేతులు కట్టుకున్నాడు. రెండో రోజు ఇంకో రెండు రాలాయి. రాజు చెంబు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు. మూడో రోజు మట్టి ఆరింది. మొక్క మెల్లగా తలెత్తింది. చివర్న ఒక మొగ్గ!

"కావ్! వస్తున్నారు, అందరూ వస్తున్నారు!" అంటూ కాకి వాలింది.

కువలయ ఒక మెట్టు, ఒక ఊపిరి చొప్పున వెయ్యి మెట్లూ ఎక్కిందట. పైకెళ్ళి చిలక పంజరం తలుపు తీసిందట. చిలక తుర్రుమంటే, ప్రాణం పోతోందని కరాళుడు దాని వెనక మెట్ల మీద పరుగు తీశాడట. తన మంత్రానికి తానే బండరాయైపోయాడు! దాంతో మెట్ల మీది శిలలన్నీ మనుషులయ్యాయి. అన్నలు లేచారు. వాళ్ళతో పాటు సువర్ణపురి రాకుమారుడు విభాసుడూ లేచి, కువలయ వెంటే బయల్దేరాడు.

కోట కింద కువలయ కనిపించగానే రాజు "పల్లకీ..." అనబోయి ఆగాడు. ఆమె మెట్లు ఎక్కుతోంది. నడుమ ఒకచోట తూలింది. రాజు చెయ్యి ముందుకొచ్చింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆమె నిలదొక్కుకుంది, ఊపిరి తీసుకుంది, పైదాకా వచ్చింది.

"ఒక్కదానివే ఎక్కావు తల్లీ!" అన్నాడు.

"మీరు ఒక్కచోటే నిలబడ్డారు నాన్నగారూ!" అని ఆమె నవ్వింది.

ఆ మాఘంలోనే కువలయకు, విభాసుడికి పెళ్ళి. ఏడడుగులూ ఆమె తన కాళ్ళతోనే వేసింది. అడుగడుక్కీ రాజు ఊపిరి బిగబట్టాడు, నిజమే. ఏడో అడుగు పడ్డాక మాత్రం పక్కనున్న వాళ్ళందరికీ "మా అమ్మాయి!" అని చెప్పుకున్నాడు. ఆ దంపతులు సువర్ణపురిని అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. రాజుగారి పెరట్లో చామంతులు ఏటేటా విరగబూశాయి, ఎవరూ అతిగా నీళ్ళు పోయలేదు కనుక.