గుక్క తిప్పుకోని హరిదాసు

లింగాల పరదేశిలో ఒక సుగుణం ఉంది. దాన్ని ఎవరూ గుర్తించడం లేదని ఆయనే నలుగురికీ గుర్తు చేస్తూ ఉండేవాడు. హరికథ చెప్పే దాసుడెవరైనా మధ్య మధ్య ఆగి, "శ్రీమద్రమారమణ గోవిందో..." అని చెయ్యెత్తుతాడు. పందిట్లో జనం "హరి!" అంటారు. పరదేశి మాత్రం జనాన్ని ఆ శ్రమ పెట్టేవాడు కాదు. మడుగులో మొసలి ఏనుగు కాలు పట్టుకున్న దగ్గర గొంతెత్తాడంటే, దేవుడు దిగివచ్చి విడిపించేదాకా ఆగడు, గోవింద అనిపించడు, మంచినీళ్ళ చెంబు వైపు కన్నెత్తి చూడడు. "పాపం, పగలంతా కష్టపడి వచ్చినవాళ్ళు. వాళ్ళ చేత అరిపించడం దేనికి?" అనేవాడు. అది దయ అని ఆయన నమ్మకం. వెనక కూర్చుని మృదంగం వాయించే మనిషి, కథ అయ్యాక వేళ్ళు ఊదుకుంటూ దానికి ఇంకో పేరు పెట్టేవాడు. ఆ పేరు ఇక్కడ రాయడం బాగుండదు.

అలాంటి పరదేశికి నడివయసులో కింది దవడ ఎముకలో ఒక గడ్డ పుట్టింది. మొదట్లో చెంప నిండిందనీ, ముఖానికి కళ వచ్చిందనీ అనుకుని అద్దం ముందు సంతోషించాడు కూడా. కళ ఒక పక్కకే వస్తోందని తెలిశాక విశాఖ వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి ఎత్తిపట్టి డాక్టరు, "క్యాన్సరు కాదు, ప్రాణభయం లేదు. కానీ ఎముకని లోపల్నించి డొల్ల చేస్తోంది. ఆలస్యం చేస్తే గట్టిగా ఆవులించినా విరుగుతుంది. పాడైన మేరకి కోసి తీసేసి ప్లేటు వేస్తాం. కొన్ని వారాలు పళ్ళకి తీగ చుట్టి నోరు కట్టేస్తాం" అన్నాడు. ఇందులో 'నోరు కట్టేస్తాం' ఒక్కటే పరదేశి చెవిలో మిగిలింది.

"మళ్ళీ కథ చెప్పగలనా బాబూ?"

"చెప్పగలరనే అనుకుంటున్నాం."

డాక్టర్లు 'అనుకుంటున్నాం' అనేది వినయం వల్లనా, తెలియకనా అన్నది తిరుగు బస్సులో దారి పొడుగునా ఆయనకి తేలలేదు.

ఇంటికొచ్చి భార్య నూకరత్నంతో, "పన్ను పుచ్చిందట, పీకించుకోవాలి" అన్నాడు. ఆపరేషనుకి ఇచ్చిన తేదీ అమావాస్య అని వాయిదా వేయించాడు. మళ్ళీ ఇచ్చిన తేదీకి, ఎవరికో కథ ఒప్పుకున్నానని వేయించాడు. ఈలోగా తనంతట తనే ధైర్యం సాధన చేశాడు. పొద్దున్నే నీళ్ళు పోసుకుంటూ, 'దేహం వేరు, నేను వేరు' అనుకునేవాడు. పుక్కిలించే సరికి రెండూ ఒకటేనని తేలిపోయేది. మెతుకు నమలడానికి భయం, ఆవులింత వస్తే భయం. రాత్రి చెంప కింద అరచెయ్యి పెట్టుకుని, విరగకుండా తనే పట్టుకున్నట్టు పడుకునేవాడు.

చివరికి గురువు దగ్గరికి వెళ్ళాడు.

ఆయన గురువు వేమకోటి జగ్గప్పదాసు గారు. ఎనభై దాటినా ఇంకా గజ్జె కడతారు. ఆ వయసులోనూ గురువుగారి పన్ను ఒక్కటీ కదలలేదని పరదేశి ఊరూరా చెప్పుకునేవాడు. ఆయనకి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, మిగిలినవాళ్ళకి కనీసం పని అయ్యేది.

పరదేశి జరిగిందంతా చెప్పి, "గురువుగారూ, ఎంత బిగపట్టినా భయం అణగడం లేదు. పదిమందిలో బయటపడతానేమో అని సిగ్గుగా ఉంది. నేనొక్కణ్ణే దీన్ని లోపలే ఎలా గెలవాలి?" అని అడిగాడు.

జగ్గప్పదాసు గారు చిడతలు రెండూ ఆయన చేతిలో పెట్టారు. "ఇవి తుడువు. సాయంత్రం బజారు వీధి పందిట్లో నా కథ ఉంది. వచ్చి నా వెనక కూర్చో."

"వెనకేమిటండీ? ఎప్పుడూ ముందే కదా కూర్చుంటాను."

"అందుకే."

ఆ సాయంత్రం పరదేశి హార్మోనియం పక్కన, గురువుగారి వీపు చూస్తూ కూర్చున్నాడు. ముందు నుంచి చూసినప్పుడు ఆ మనిషి పట్టుపంచె, పూలదండ, నవ్వు. వెనక నుంచి చూస్తే తడిసి ముద్దయిన ఉత్తరీయం, పంచె లోపల సన్నగా వణుకుతున్న పిక్కలు. కథ ఆ ఏనుగుదే. మొసలి పట్టింది. ఏనుగు లాగుతోంది. గురువుగారి గొంతు పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఉన్నట్టుండి మాటలో ఏదో టకటకలాడింది. చెయ్యి గాల్లోకి లేచింది.

"శ్రీమద్రమారమణ గోవిందో...!"

"హరి!" అంది పందిరి.

జనం రెండు చేతులూ ఎత్తి కళ్ళు మూసుకున్న ఆ క్షణంలో జగ్గప్పదాసు గారు వెనక్కి తిరిగారు. నోట్లోంచి పై పళ్ళ సెట్టు, కింది పళ్ళ సెట్టు తీసి హార్మోనియం ఆయన పట్టుకున్న గ్లాసులో వేశారు. ఇన్నాళ్ళూ పరదేశి ఊరూరా పొగిడిన పళ్ళు గ్లాసులో మునిగి ఉన్నాయి. చెంపలు లోపలికి పోయి, పసివాడి ముఖంలా అయిపోయిన గురువు ఆయన్ని చూసి బోసిగా నవ్వారు. ఒక దగ్గు దగ్గారు, మిరియాల నీళ్ళు ఒక గుక్క తాగారు.

"ఒరే, ఎక్కడున్నాం?" అని మృదంగం ఆయన్ని అడిగారు.

"ఏనుగు ఓపిక అయిపోయిందండి."

"నాదీ అంతే. ఇంకో గోవింద కావాలి."

వెనక్కి తిరిగే ఉండి చెయ్యెత్తారు. ముందు వరసలో ఒక ముసలమ్మ, దాసుగారు భక్తితో కదిలిపోయి ముఖం చాటేశారనుకుని, కళ్ళు తుడుచుకుంటూ తనే పెద్దగా గోవింద అందుకుంది. పందిరంతా ఆమె వెంట "హరి! హరి!" అని ఊగిపోయింది. ఆ చప్పుడు నిలిచినంతలో పళ్ళు మళ్ళీ నోట్లో కుదురుకున్నాయి, ఊపిరి కుదురుకుంది. ఆయన జనం వైపు తిరిగేసరికి ఏనుగుకి మళ్ళీ గొంతొచ్చింది.

కథ ముగిశాక ఇద్దరూ రిక్షాలో వస్తుంటే పరదేశి, "పళ్ళ సంగతి నాకు కూడా చెప్పలేదేమండీ?" అన్నాడు.

"అంత సంబరంగా చెప్పుకుంటున్నావు, నీ నోరు నొక్కడం దేనికని." రిక్షా దిగుతూ మళ్ళీ ఆయనే అన్నారు: "ఇన్నేళ్ళూ ఆ గోవింద దేవుడికి మాత్రమే అనుకున్నావురా, పిచ్చివాడా?"

పరదేశి ఇంటికి వెళ్ళాడు. నూకరత్నం వడ్డించింది. ఆయన మెతుకులు కెలుకుతూ కూర్చుని, కంచంలోకి చూస్తూ, "పన్ను కాదు. దవడ" అన్నాడు. తక్కినదంతా చెప్పాడు. వాయిదాలు కూడా.

ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ముందు ఏడ్చింది. తర్వాత కోపం వచ్చింది.

"ఏనుగు కాలికి నొప్పని గంటసేపు పాడతావు. ఊళ్ళో వాళ్ళందర్నీ ఏడిపిస్తావు. నీ నొప్పి నాకొక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదేటి? ఆ డాక్టరు కట్టేది ఎప్పుడో. నాకాడ నువ్వు ముందే కట్టేసుకున్నావు!"

ఆవిడ అన్నం జావగా పిసికి కంచంలో వేసింది. ఆ పూట ఆయన భయం లేకుండా మింగాడు.

ఈసారి తేదీ మారలేదు. పొద్దున్నే ఆకుపచ్చ చొక్కా తొడిగి, స్ట్రెచరు మీద పడుకోబెట్టి తోసుకెళ్ళారు. పక్కన చెయ్యి పట్టుకుని నూకరత్నం నడిచింది. థియేటరు తలుపు దగ్గర నర్సమ్మ, "అమ్మా, మీరు ఇక్కడిదాకానే" అంది. పరదేశి ఆ చెయ్యి వదలలేదు. భార్యకి ధైర్యం చెప్పాలని చాలా మాటలు తయారు చేసుకుని వచ్చాడు. ఇన్ని పందిళ్ళలో మాట కోసం తడుముకోని మనిషికి అక్కడ ఒక్కటీ తోచలేదు. పళ్ళు తాళం వేస్తున్నాయి. పట్టుకున్న చెయ్యే కొంచెం పైకి లేచింది.

"శ్రీమద్రమారమణ... గోవిందో..."

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈలోగా వరండా బెంచీ మీద, దవడకి కట్టుతో తన వంతు కోసం కూర్చున్న ఒకాయన ముక్కుతో "హరి" అన్నాడు. ఆయన పక్కనున్న టిఫిను క్యారేజీ మనిషి అన్నాడు. ఆ వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు అన్నారు. ఆఖరున, అందరి కంటే గట్టిగా, నూకరత్నం అంది.

"ష్! ఇది ఆసుపత్రండీ" అని నర్సమ్మ కసిరింది. కసిరే ముందు ఆవిడ పెదాలు కూడా కదలడం పరదేశి చూశాడు. చెయ్యి వదిలాడు. తలుపు మూసుకుంది.

గడ్డ పోయింది, కొన్నాళ్ళకి తీగలూ పోయాయి. ఆ కట్టు రోజుల్లో ఆయన సైగ చేయడం, ఆవిడ దాన్ని ఇంకోలా అర్థం చేసుకోవడం, ఇద్దరూ అలగడం చాలా జరిగాయి. గొంతు తిరిగి వచ్చింది. మాట మాత్రం ఎడమ పక్కకి కాస్త జారుతుంది.

మళ్ళీ మొదటి కథకి ఒప్పుకున్నప్పుడు, ఈసారి ఎక్కడెక్కడ ఆగాలో ముందే అనుకుని వెళ్ళాడు. మొసలి పట్టింది. జనం ముందుకి వంగారు. అంతే, అనుకున్నవన్నీ మరిచిపోయాడు. పాత దయ పొంగుకొచ్చింది. ఆగకుండా లాగి లాగి, కొత్త దవడ తీపులు పెట్టి, ఊపిరి అడ్డుపడి నోరు తెరిచి నిలబడిపోయాడు. అప్పుడు ముందు వరసలోంచి నూకరత్నం లేచి, చెయ్యెత్తి, "శ్రీమద్రమారమణ గోవిందో!" అని కేకేసింది. పందిరి "హరి!" అంది. ఆయన చెంబెత్తి నీళ్ళు తాగాడు.

మర్నాడు వెళ్ళి గురువుగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఎప్పుడు ఆగాలో నాకింకా రాలేదండి. ఇకముందు వస్తుందన్న నమ్మకం కూడా లేదు."

జగ్గప్పదాసు గారి పళ్ళు అప్పుడు గ్లాసులో ఉన్నాయి.

"నాకొచ్చేసరికి పళ్ళన్నీ ఊడిపోయాయి" అన్నారు బోసినోటితో. "నీకింకా చాలా ఉన్నాయి కదరా."