నీలిగంట మొక్కకు గుల్లయ్య కాపలా

అనగనగా ఒక అడవిలో అందామంటే, పిల్లలూ, ఈ కథలో అడవే లేదు. నడిసముద్రంలో, ఓడలు దారి తప్పితే తప్ప చేరని చిన్న దీవి ఉంది. నీలిగంట మొక్క ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా పూయదు. అక్కడా ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ మాణిక్యం అనే మేకపోతు పొట్టలోకి పోయాయి.

ఆ ఒక్క మొక్క నీడలో గుల్లయ్య అనే పీత కాపురం. అదీ పోతే ఎండకు వేగిపోవడమేనని వాడి దిగులు.

ఒకరోజు మాణిక్యం రానే వచ్చాడు.

"తిను బావా, తిను. కాకపోతే తిన్నవాళ్ల గడ్డం ఊడిపోతుంది," అన్నాడు గుల్లయ్య తాపీగా.

మాణిక్యానికి గడ్డమంటే ప్రాణం. వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

మర్నాడు ఎలుక వచ్చింది. దానికి తోక ఊడుతుందని చెప్పాడు. అదీ పరారు. గుల్లయ్యకు ఈ ఆట మహా సరదాగా ఉంది. మూడోరోజు చిట్టి అనే తేనెపిట్ట పువ్వుమీద వాలబోయింది. పాపం, దానివల్ల మొక్కకు నష్టమేమీ లేదు. అయినా నోరు ఊరుకోక, "నీ ముక్కు వంకరపోతుందమ్మాయ్," అనేశాడు. చిట్టి తుర్రుమంది.

పూలు పూశాయి, రాలాయి. ఒక్క కాయా కట్టలేదు. మొక్క ముసలిదైపోతోంది. గుల్లయ్య హడలిపోయి తాబేలు అవ్వ దగ్గరికి పరుగెత్తాడు.

"పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోసేది ఆ పిట్టేగదరా. దాన్నే తరిమేస్తే విత్తనం ఎక్కడిది? ఇప్పుడొచ్చేదే ఆఖరి పూత," అంది అవ్వ.

గుల్లయ్య వెళ్లి చిట్టికి నిజం చెప్పేశాడు.

"మొన్న వంకరపోతుందన్నావు, ఇవాళ పోదంటున్నావు. నా ముక్కుతో ఆటలేంటి మామా?" అంది చిట్టి.

పక్కనే ఉన్న మాణిక్యం, "నా గడ్డం ఊడితే చూసి నవ్వుదామనిరా నీ ఎత్తు," అంటూ ఇంకో పదడుగులు వెనక్కి జరిగాడు.

ఇక చేసేదేముంది? ఆఖరి పూత రాగానే గుల్లయ్యే కొమ్మెక్కాడు. ఒక పువ్వులో తల దూర్చాడు. రెండోదానికి పోబోయి దభీమని పడ్డాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ పడ్డాడు. వారమంతా ఇదే తంతు. ఎదురుగా రాతిమీద కూర్చుని చిట్టి పగలబడి నవ్వింది.

నవ్వీ నవ్వీ వాడి మొహం చూసింది. నిండా పుప్పొడే. కళ్లూ మీసాలూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి; ఏదీ ఊడలేదు, వంకరపోలేదు. మెల్లగా వచ్చి పువ్వులో ముక్కు పెట్టింది.

గుల్లయ్యకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది. ఏదో ఒకటి అనాలని నోరు దురద పెట్టింది కూడా. కానీ చిట్టి తేనె తాగి వెళ్లేదాకా నోరు మెదిపితే ఒట్టు. ఆ పూతకు నీలిగంట మూడు కాయలు కాసింది.

నీతి: అబద్ధమాడటానికి నోరు చాలు; దాన్ని దిద్దుకోవడానికి ఒళ్లు వంచాలి.