మాస్టారు గీయని బాణం

మనిషి నెత్తురులో తరతరాలుగా దాక్కుని ఉండే ఒక రెట్రోవైరస్ వంశాన్ని వెతకడం జోగారావు మాస్టారి పని. ఎవరి ఒంట్లో ఏ ఉపజాతి ఉంది, ఎవరి వైరస్ ఎవరిదానికి దగ్గర చుట్టం అన్నది కొమ్మలూ రెమ్మలుగా కాగితం మీద చెట్టులా గీసేవారు. ఏ రెమ్మ నుంచి ఏ రెమ్మకు పాకిందో చెప్పే బాణం గుర్తు మాత్రం ఎన్నడూ పెట్టేవారు కాదు.

శిష్యుడు మురహరికి అది మింగుడు పడలేదు. "ఇంత కష్టపడి దగ్గరితనం తేల్చాక, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పడానికి వెనకాడడం ఎందుకు సార్?" అని ఒకనాడు అడిగేశాడు.

"గెడ్డవలసలో నువ్వు గీసిన బాణం ఏం చేస్తోందో చూసొద్దాం, పద" అన్నారు మాస్టారు.

ఆ సంగతి ఆయనదాకా వచ్చిందని మురహరికి అప్పుడే తెలిసింది. గెడ్డవలసలో కొందరికి కాళ్లు కొయ్యబారిపోతున్నాయని రక్తాలు తీసినప్పుడు, బడిలో వంటచేసే దాలమ్మకూ ఆమె ఇద్దరు కూతుళ్లకూ, ఊరి పెద్ద పోలినాయుడికీ ఒకే రెమ్మ వైరస్ దొరికింది. "ఇది నాకెక్కడి నుంచి తగిలిందయ్యా?" అని నాయుడు నిలదీశాడు. ముగ్గురికి ఉన్న ఇంటి నుంచే ఒక్కడికే ఉన్న ఇంటికి వచ్చి ఉంటుందని లెక్కవేసుకుని, మురహరి అతని కళ్లముందే దాలమ్మ ఇంటి నుంచి నాయుడి ఇంటికి బాణం గీసి చూపించాడు.

వాళ్లు వెళ్లేసరికి దాలమ్మ నాయుడి ఇంటి మెట్ల కింద నిలబడి ఉంది. నాయుడు అరుగు మీద కూర్చున్నాడు. అతని వెనక నులకమంచం మీద తల్లి సన్యాసమ్మ పడుకుని ఉంది. ఊరంతా రక్తాలిచ్చినా సూదికి ఒప్పుకోని మనిషి ఆవిడ.

"ఇన్నేళ్లు ఒండి పెట్టాను బాబూ. ఇప్పుడు నా సెయ్యి తగిలితే పిల్లలు సచ్చిపోతారంట. మీ సిన్న డాక్టరుగారే గీసి సూపించారంట" అంది దాలమ్మ మాస్టారితో. మురహరి తల దించుకున్నాడు.

"వంటపాకకి తాళం నేనే ఏయించాను. రేపు బడిపిల్లల్లో ఏ గుంటకైనా తగిలితే ఎవుడిది పూచీ?" అన్నాడు నాయుడు.

"కూటివల్ల రాదు నాయుడుగారూ, చేతివల్ల రాదు. నెత్తురు వల్ల, కాపురం వల్ల, తల్లిపాల వల్ల వస్తుంది. చాలామందికి అది ఏ హానీ చెయ్యదు కూడా" అన్నారు మాస్టారు.

నాయుడు నవ్వాడు. "మరింకేం. దాలికీ నాకూ ఏదో ఉందని మా ఆవిడకి మీరే సెప్పండి, నేను ఇంట్లో కూడు మానుకుంటాను."

నులకమంచం కిర్రుమంది. "పాల వల్ల వస్తాదా బాబూ?" అని అడిగింది సన్యాసమ్మ.

"ఎక్కువగా అలాగేనమ్మా."

ఆవిడ మెల్లిగా లేచి కూర్చుంది. "అయితే అది నాదే."

"నీకేటి తెలుసు, పడుకోమ్మా" అన్నాడు కొడుకు.

"నువ్వు నోర్ముయ్యరా. నువ్వు పుట్టిన నెలకి ఈ దాలి అమ్మ పురిట్లో పోయింది. గుంటకి ఏడుద్దామన్నా గొంతు రాకండా అయిపోయింది. నాకా, నువ్వెంత తాగినా పాలు రవిక తడిపీసీవి. మీ నాన్నకి తెలిస్తే నరికేసీవోడు. అందుకని దీని అయ్య పేడతట్టలో పెట్టి, పైన గడ్డి కప్పి, గొడ్లసావిట్లోకి తెచ్చీవోడు. నీకొక పక్క, దీనికొక పక్క. పళ్లొచ్చినదాకా ఇచ్చాను."

నాయుడు తన తల్లిని ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు చూశాడు. తను గీసిన గీత ఎంత నిటారుగా ఉందో మురహరికి గుర్తొచ్చింది. ఇంత సంగతి ఆ గీత పక్కనే ఉంటే ఒక్కసారి అడగాలని కూడా తనకు తోచలేదు.

"మేకపాలతో బతికానని సెప్పీవోడు మా అయ్య" అంది దాలమ్మ. "అయితే నా కూతుళ్లకి నేనిచ్చింది కూడా అదేనా అమ్మా?"

"తెలిస్తే ఇచ్చీదాన్ని కాదే" అంది సన్యాసమ్మ. అని, తనే తల అడ్డంగా ఊపింది. "ఇయ్యకపోతే నువ్వు లేవు."

నాయుడు రొండిన దోపుకున్న తాళంచెవి తీసి అరుగు చివర పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు. దాలమ్మ దాని వంక చూస్తూ నిలబడింది. తీసుకుంటుందో లేదో మురహరికి అంతుపట్టలేదు. చివరికి, "పిల్లలకి యేళయిపోతంది" అని తాళంచెవి అందుకుని బడివైపు నడిచింది. సన్యాసమ్మ చీరకొంగు తప్పించి, ముడతలు పడ్డ చెయ్యి మాస్టారి ముందుకు చాపింది.

తిరుగుదారిలో మురహరి, "నేను తిరగేసి చెప్పాను సార్. నాయుడి ఇంటి నుంచే దాలమ్మ ఇంటికి వెళ్లిందన్నమాట" అన్నాడు.

మాస్టారు దారి మీంచి చూపు తిప్పలేదు.

"సన్యాసమ్మ ఎవరి పాలు తాగి పెరిగిందో అడిగావా?" అన్నారు.