సున్నపు బొట్టు

ఏటిగడ్డ సంస్థానంలో ఓబులమ్మ అనే బెల్లం వ్యాపారి ఉండేది. తూకంలో ఎంత నిక్కచ్చో మాటలో అంత దురుసు, పైగా దివాణం ఉద్యోగి ఎవరు కనబడినా ఒళ్ళు మండేది.

ఆ ఊరి సంతకు ఒక కట్టడి ఉంది. సంతరోజు పొద్దున్నే దివాణం ఉద్యోగి పెంచలయ్య మొగదల కూర్చునేవాడు. అమ్మేవాళ్ళ తూకపురాళ్ళను దివాణంవారి ఇత్తడిగుండుతో సరిచూసేవాడు. సరిపోయిన రాయికి సున్నంతో బొట్టు పెట్టేవాడు. ఆ బొట్టు చూసి జనం కొనేవాళ్ళు.

ఓబులమ్మ కూడా బొట్టు పెట్టించుకునేది. పెట్టించుకుని, అందరూ చూస్తుండగానే కొంగుతో తుడిచేసేది.

“నా రాయికి నా మాటే బొట్టు. కూర్చుని తినేవాడి సున్నం నాకెందుకయ్యా?” అనేది.

“నాలుకకు కూడా కాస్త రాస్తాను రా అక్కా. పొక్కితే ఊరికి ఒక పూట శాంతి” అనేవాడు పెంచలయ్య. జనమంతా చూస్తుండగా తాను సరిచూసిన రాయి కనుక తుడిచినా ఊరుకునేవాడు.

ఇలా ఉండగా రాజుగారికి కొత్త మహలు కట్టాలని బుద్ధి పుట్టింది. దివానుగారు ఒప్పుకోలేదు. “నా మహలు లేకపోతే ఇంకే ఖర్చూ లేదు” అన్నారు రాజుగారు. “అలాగే కానివ్వండి” అన్నారు దివానుగారు. ఇద్దరూ బిగుసుకున్నారు. జీతాలు ఆగిపోయాయి, దివాణానికి తాళం పడింది. రేవులో పడవ కదల్లేదు. వీధి దీపాలలో నూనె పోసేవాడు లేడు. ధర్మాసుపత్రి గడపలో జ్వరం పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడ్డారు. తలుపు తీసే దిక్కు లేదు.

ఓబులమ్మ మాత్రం “పీడ విరగడైంది. వీళ్ళు లేకపోతే పొద్దు పొడవదా ఏం?” అంది.

ఆ వారం సంతలో బొట్టు లేని రాళ్ళు తిరిగాయి. రాయి అరగదీసినవాళ్ళు తీశారు, అడుగున తొలిచినవాళ్ళు తొలిచారు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి చూసుకుని లబోదిబోమన్నారు.

తరువాతి సంతకు ఓబులమ్మ బండినిండా బెల్లం దించింది. ఇంట్లో ఇంకా గదినిండా ఉంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. చినుకు పడిందా, బెల్లమంతా పాకమైపోతుంది. అయినా ఒక్కరూ దగ్గరికి రాలేదు. ఏళ్ళ తరబడి ఆమె దగ్గరే కొనే నాగరత్నం కూడా దూరంగా ఆగిపోయింది.

“ఏమే రత్నం, నేను తెలియదా నీకు?” అంది ఓబులమ్మ.

“నువ్వు తెలుసొదినా. నీ రాయే తెలియదు.”

“నా రాయి నిజమైనదే.”

“అందరూ అదే అంటున్నారు. నువ్వయితే అప్పట్లోనే బొట్టు తుడిచేసేదానివి. ఎందుకు తుడిచావో ఎవరికి తెలుసు?”

ఓబులమ్మ తక్కెడ దించి రాయి చేతబట్టుకుంది.

తిన్నగా పెంచలయ్య ఇంటికి వెళ్ళింది. అతను అరుగుమీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

“ఒక్కసారి వచ్చి నా రాయి సరిచూడవయ్యా.”

“ఇప్పుడు గుర్తొచ్చిందా అక్కా, నా సున్నం? గుండు దివాణం లోపల ఉంది. అది లేకుండా నేను పెట్టే బొట్టు గోడకు కొట్టే వెల్ల.”

ఓబులమ్మ రాయిని చంకన పెట్టుకుని రాజుగారి ఇంటికి నడిచింది. పడవవాడు, పిల్లల తల్లులు, సంత జనం వెంట నడిచారు. రాజుగారూ దివానుగారూ ఎడమొహం పెడమొహంగా వసారాలో కూర్చుని ఉన్నారు. ఆమె రాయిని వాళ్ళిద్దరి మధ్యా దించింది.

“ఇది నిజమో దొంగో చెప్పండి దొరా.”

“మాకెలా తెలుస్తుంది?” అన్నారు రాజుగారు.

“నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలనుకున్నాను, చాల్లేదు. ఎవరి న్యాయం వాళ్ళకు తెలిస్తే చాలని మీరూ అనుకుంటున్నారు. ఆ తగవేదో ఇక్కడ కూర్చుని ఏడాదంతా పడండి. మధ్యలో మా ఆసుపత్రి తలుపులెందుకు మూశారు? మా పడవెందుకు కట్టేశారు? ఆ తాళాలు మీ పంతానికి వేసుకోండి.”

ఒక తల్లి చంకలో బిడ్డ దగ్గింది. దివానుగారు మొలలోంచి తాళంచెవి తీశారు. రాజుగారు వద్దనలేదు.

సాయంత్రానికల్లా ఆసుపత్రి తెరిచారు, రేవులో పడవ కదిలింది. మరుసటి సంతలో అందరికంటే ముందు వరసలో నిలబడింది ఓబులమ్మ. అప్పటికి వాన కొట్టి సగం బెల్లం పోయింది. పెంచలయ్య గుండుతో తూచాడు. తక్కెడ ముల్లు నిటారుగా నిలిచింది. అతను బొట్టు పెట్టాడు.

“చిన్నది పెట్టావేం? దూరానికి కనబడాలి” అంది ఓబులమ్మ.

ఇంకాస్త సున్నం రాయించుకుని, రాయిని నెత్తికంటే ఎత్తుకు లేపి సంతంతా చూసేలా నడిచింది. ఏటిగడ్డలో ఆ రోజు ఆమె నడిచినంత గర్వంగా ఎవరూ నడవలేదు.

నీతి: మన నిజాయితీ మనకు తెలిస్తే చాలదు, నలుగురూ నమ్మే కొలత ఉండాలి, ఆ కొలతను కాపాడే చేతుల్ని దండగ అన్నవాడు తన పరువును తానే తుడిచేసుకుంటాడు.